చప్పుడు ఆగితే బండి ఆగాలి

ట్రాలీ ఆటో తోలేవాడి పనితనం బండి వెనక్కి తీసేటప్పుడే బయటపడుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో సరుకు తోలిన పాతవాళ్ళని ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు. శివాలయం వీధి, బ్రాహ్మణ వీధి చుట్టుపక్కల సందుల్లో కొట్లు ఎక్కడో లోపలికి ఉండేవి. లోపల బండి తిప్పుకునే చోటుండదు. ముందుకెళ్ళినవాడు వెనక్కి రావాలి, లేదంటే వెనక్కే వెళ్ళి ముందుకు రావాలి. మా నాన్న ఎప్పుడూ రెండోదే చేసేవాడు. సరుకు పెట్టే డబ్బా తలుపు వెనక ఉంటుంది కదా, కొట్టు గుమ్మం దాకా వెనక్కి పెడితే బస్తాలు మోసే ముఠావాళ్ళకి నాలుగడుగుల మోత తగ్గుతుందని ఆయన లెక్క. పంచదార బస్తా వీపు మీద ఉన్నవాడికి నాలుగడుగులంటే తక్కువేం కాదు.

1990ల మొదటి సగం అది. నేను హైస్కూల్లో ఉన్నాను. నాన్న దగ్గర క్లీనరుగా ఉన్న కుర్రాడు మెకానిక్కు పని నేర్చుకుంటానని ఆటోనగర్‌లో చేరిపోయాడు. కొత్తవాణ్ణి పెట్టుకునేలోపు వేసవి సెలవులొచ్చాయి. "అమ్మాయిని తీసుకెళ్తా, వెనక నిలబడి చూస్తుంది" అన్నాడు నాన్న. ఆడపిల్ల మార్కెట్లో ముఠావాళ్ళ మధ్య తిరగడమేమిటని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నా జడ గట్టిగా మడిచి కట్టి, తలుపు సందులోనో గొలుసులోనో ఇరుక్కోకుండా చూసుకోమని పంపించింది. ఆ తర్వాత కొత్త క్లీనరు రానే లేదు. సెలవుల్లో, దసరా ముందు, సంక్రాంతి ముందు, నేనే.

మాది బజాజ్ వెనక ఇంజను బండి. రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజను. బంకులో పెట్రోలుతో పాటు అందులో కలిసే టూటీ ఆయిలు కూడా పోయించుకోవాలి. ఆయిలు ఎక్కువైతే సందంతా తెల్లటి పొగ. డ్రైవరు సీటు పక్కనున్న లీవరు చేత్తో లాగితే స్టార్టయ్యేది. వెనక రేకు డబ్బా. డ్రైవరు వీపు వెనక చిన్న అద్దపు కిటికీ ఒకటి ఉండేది గానీ, మొదటి బస్తా ఎక్కగానే అది మూసుకుపోయేది. పక్కనుండే అద్దాలు సందుల్లో గోడలకి తగిలి పగిలేవి. వెనక చూసుకునే అద్దం ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. వన్‌టౌన్‌లో మాత్రం చాలా బండ్లకి ఆ అద్దం లోపలికి మడిచే ఉండేది, లేదా ఊచ మాత్రమే మిగిలేది.

మూడు చక్రాల బండి ఆకారమే అలాంటిది. డ్రైవరు ముందు, సరిగ్గా మధ్యలో కూచుంటాడు. అక్కణ్ణించి వెనక్కి పోయేకొద్దీ బండి వెడల్పవుతుంది. గోడకి రాసుకునేవీ కాలవలోకి దిగేవీ వెనక మూలలే, ఆ మూలలే సీట్లో ఉన్నవాడికి కనపడవు. కుడి పక్కకి నడుం దాకా బయటికి వంగితే కుడి వెనక చక్రం కనిపిస్తుంది. ఎడం పక్క ఏమీ కనపడదు. బండిని ఎడం గోడ వారగా పెట్టమని ప్రతి కొట్టువాడూ అడుగుతాడు, ఎందుకంటే కుడివైపు సైకిళ్ళూ రిక్షాలూ పోవాలి. అంటే ఎటు కనపడదో అటే ఆనించాలి.

రివర్స్ పడటం కూడా అంత తేలిగ్గా ఉండేది కాదు. బండి పూర్తిగా ఆపాలి. క్లచ్చి పట్టుకుని ఎడం చేతి గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, రివర్స్‌కున్న వేరే లీవరు లాగాలి. లోపల పళ్ళకి పళ్ళు ఎదురుపడితే అది రాదు. అప్పుడు నేను దిగి బండిని గుప్పెడంత ముందుకు నెడితే టక్కుమని కూచునేది. ఆ టక్కు వినకుండా నాన్న గేరు వేసేవాడు కాదు. హ్యాండిల్ కూడా కారు స్టీరింగులా నిదానంగా తిరిగేది కాదు. చెయ్యి ఎంత తిరిగితే ముందు చక్రం అంతే తిరుగుతుంది. బండి పొట్టిది, అందుకని ముందు కొంచెం కదిలితే వెనక మూల ఎక్కడికో వెళ్ళిపోతుంది. అనుభవం లేనివాళ్ళు అది సరిచేద్దామని మళ్ళీ తిప్పుతారు, అటు ఎక్కువైపోతుంది, బండి పాములా మెలికలు తిరుగుతుంది. నాన్న మోచేతులు పక్కటెముకలకి ఆనించి పట్టుకునేవాడు. తిప్పాల్సింది మణికట్టుతోనే.

కారు తోలేవాళ్ళకి తెలియని ఇంకో సంగతి చక్రాల జాడలు. కారుకి రెండు జాడలు, దీనికి మూడు. దారిలో గుంట కనపడితే కారువాడు దాన్ని మధ్యలోకి తీసుకుని దాటేస్తాడు. ఆటోవాడు మధ్యలోకి తీసుకుంటే ముందు చక్రం తిన్నగా అందులోకే. అప్పట్లో కొన్ని గోడౌన్ల ముందు మురుక్కాలవ మీద రెండు బండలు వేసి మధ్యలో ఖాళీ వదిలేవాళ్ళు, వ్యాన్లకి సరిపోతుందని. మా బండి వెనక్కి వెళ్తే రెండు వెనక చక్రాలూ ఆ బండల మీద చక్కగా దాటేవి. సరుకంతా అవతలికి చేరిపోయింది, ఇంకేముంది అనుకుంటారు చూసేవాళ్ళు. ముందు చక్రం ఇంకా ఇవతలే ఉంది, అది వచ్చేది ఆ ఖాళీలోకి. అందుకని మా డబ్బా పైన మందపాటి చెక్క పలక ఒకటి ఎప్పుడూ తాడుతో కట్టి ఉండేది. వెనక చక్రాలు దాటగానే నేను దాన్ని మధ్యలో పరిచేదాన్ని. మూడో పలక అనేవాళ్ళం దాన్ని.

ఇవన్నీ చూసి నేర్చుకున్నవి. ఒక్కటి మాత్రం నాన్న కూచోబెట్టి నేర్పాడు. మొదటి రోజు మార్కెట్టుకి వెళ్ళకముందే, ఇంటి ముందు, నన్ను డ్రైవరు సీట్లో ఎక్కించాడు. ఆయన బండి వెనక్కి వెళ్ళాడు.

"కనపడుతున్నానా?"

లేదన్నాను.

"ఇప్పుడు లేచి నిలబడ్డా. ఇప్పుడో?"

లేదు. చెయ్యెత్తానన్నాడు. డబ్బా రేకు తప్ప నాకేమీ కనపడలేదు. ఎడం పక్కకి వచ్చానన్నాడు, గొంతు అటునుంచే వచ్చింది గానీ మనిషి లేడు. అలా బండి చుట్టూ గొంతు మాత్రం తిరుగుతూ ఉంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆరడుగుల మనిషి, చెయ్యెత్తి నిలబడ్డ మనిషి, రెండు గజాల దూరంలో లేకుండా పోయాడు. ఆయన ముందుకొచ్చి, "నేనే కనపడకపోతే గుమ్మం ముందు గొంతుక్కూచుని ఆడుకునే పిల్లల సంగతేమిటి? నువ్వు చెబితేనే నాకు తెలిసేది" అన్నాడు. అంతవరకూ సెలవుల్లో నాన్నతో షికారు అనుకున్నదాన్ని, ఆ పూట బండి ఎక్కేటప్పుడు నోరెండిపోయింది.

సందులో ఆ రెండు స్ట్రోకుల ఇంజను మోత రెండు గోడలకీ కొట్టుకుని మళ్ళీ మన మీదకే వస్తుంది. దాంట్లో పిల్ల గొంతు ఏం వినపడుతుంది? అందుకని అరచేత్తో డబ్బా రేకు మీద కొట్టాలి. మార్కెట్లో లారీ క్లీనర్లు కూడా కొడతారు. వాళ్ళ పద్ధతిలో చాలా మటుకు గట్టిగా ఒక దెబ్బ వేస్తే ఆపమని. నాన్న దాన్ని ఒప్పుకునేవాడు కాదు. ఆయన పద్ధతి తలకిందులు. బండి వెనక్కి వస్తున్నంతసేపూ నేను ఒకే తీరున కొడుతూనే ఉండాలి. డబ్... డబ్... డబ్... అది వినపడుతుంటేనే ఆయన వస్తాడు. చప్పుడు ఆగితే బండి ఆగాలి. ఎందుకు ఆగిందో అడగడు, తల తిప్పడు, ముందు బ్రేకు తొక్కుతాడు.

"ఆపు అని నువ్వు అరిచావనుకో, అది నాకు వినపడకపోవచ్చు. కాలు జారి పడ్డావనుకో, అరవలేకపోవచ్చు. రమ్మని కొడుతూ ఉంటే, అది వినపడనప్పుడు నేనే ఆగుతా. నీకేమైనా ఆగుతా, నా చెవికేమైనా ఆగుతా."

ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, తనే కనిపెట్టాడో నాకు చెప్పలేదు. పెద్దయ్యాక యంత్రాల భద్రత గురించి చదువుకున్నవాళ్ళు ఇదే సూత్రాన్ని పెద్ద పెద్ద మాటల్లో చెబుతుంటే విన్నాను. మా నాన్న చదువు ఐదో తరగతి.

కుడి ఎడమల తకరారు ఇంకోటి. నేను బండి వైపు తిరిగి నిలబడితే నా ఎడమ ఆయనకి కుడి. కంగారులో ఎవరి ఎడమ అన్నది తేలేసరికి మూల గోడకి తగులుతుంది. అందుకని ఎడమా కుడీ అన్న మాటలే మా మధ్య నిషేధం. "గోడ వైపు", "కాలవ వైపు", "అరుగు వైపు", "స్తంభం వైపు". ఏ సందులోకి వెళ్ళినా ముందు దిగి, నాన్నా నేనూ ఒకసారి లోపలిదాకా నడిచి, ఇది గోడ, ఇది కాలవ అని పేర్లు పెట్టుకుని వచ్చేవాళ్ళం. మండువేసవిలో ఆ నడక విసుగనిపించేది గానీ, అప్పడాలు ఆరబెట్టిన చాపలు, కట్టేసిన మేక, నీళ్ళు పడుతున్న బిందెల వరస, అన్నీ ఆ నడకలోనే తెలిసేవి. అప్పడాల మామ్మలు మమ్మల్ని దూరం నుంచే గుర్తుపట్టి చాప లాగేసుకునేవాళ్ళు. వెళ్తూ వెళ్తూ చాప మళ్ళీ పరిచిపెట్టడం నా పని.

గోడ దగ్గర పడ్డాక కొలతలు మొదలు. ఇంజను నెమ్మదిస్తుంది కాబట్టి అప్పుడు గొంతు వినపడుతుంది. రెండు మూరలు. మూర. జానెడు. బెత్తెడు. బెత్తెడు అన్నాక ఇంక మాట ఉండదు. ముఠా మేస్త్రి బాబాయి చూసి చూసి, "అమ్మడు బెత్తెడంటే బెత్తెడే, నాలుగు వేళ్ళు పెట్టి చూశాను" అని నాన్నకి చెప్పాడు. ఆ రోజు నాన్న నాకు గోలీ సోడా తాగించి, అమ్మకి కూడా ఆ మాట చెప్పాడు. ఆ సందుల్లో ఎండుమిర్చి ఘాటు, బెల్లం వాసన, తడి గోనెల వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఏ కిరాణా కొట్టు గోడౌన్లోకి అడుగుపెట్టినా నా అరచెయ్యి దానంతటదే చాపుకుంటుంది.

వాలు మీద లెక్క మారేది. కొత్తపేటలో, విద్యాధరపురంలో కొండ వారన ఇళ్ళకి కూడా అప్పుడప్పుడు సిమెంటు, టైల్సు తోలేవాళ్ళం. బరువంతా వెనక ఉంటుంది. అలా నిండు బండితో వాలులో వెనక్కి దిగుతూ బ్రేకు తొక్కితే బరువు ఇంకా వెనక్కి పోతుంది, ముందు చక్రం తేలికైపోతుంది. హ్యాండిల్ తిప్పినా బండి మాట వినదు. అందుకని నాన్న అలాంటిచోట వెనక్కి దిగడు. తప్పనప్పుడు ఇద్దరు ముఠావాళ్ళు ముందు మడ్‌గార్డు దగ్గర బంపరు మీద నిలబడేవాళ్ళు, నేను వెనక ఎడం మూలన. ఎక్కేటప్పుడు మటుకు వెనక్కి ఎక్కడమే మేలనేవాడు. ముందు భాగం కిందికి ఉంటుంది గనక బరువు ముందు చక్రం మీదకి వచ్చి హ్యాండిల్ నిలబడుతుంది. మార్కెట్లో కొత్త డ్రైవర్లు ఎత్తు మీద నేరుగా ఎక్కబోయి ముందు చక్రం గాల్లోకి లేస్తే గుండె బేజారై చూసేవాళ్ళు. మా నాన్న బండి తిప్పి వీపు చూపించి ఎక్కేవాడు.

పదో తరగతి పరీక్షలయ్యాక నాకు నేర్పమన్నాను. తెల్లారగట్ల పీడబ్ల్యూడీ గ్రౌండ్సుకి తీసుకెళ్ళాడు. స్వరాజ్ మైదాన్ అంటే అదే, 2024లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించిన చోటు. అప్పుడది ఖాళీ మైదానం. సైకిలు నేర్చుకునేవాళ్ళు, స్కూటరు నేర్చుకునేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు ఉండేవాళ్ళు. నాన్న ముందుకు తోలడం ఆట్టే నేర్పలేదు. అది పది నిమిషాల పని అన్నాడు. నాలుగు ఇటుకలు పెట్టి వాటి మధ్యకి వెనక్కి రమ్మన్నాడు. రేకు మీద ఈసారి కొట్టింది ఆయన.

ఆయన అరచెయ్యి పెద్దది. ఆ చప్పుడు రేకులోంచి సీటు రాడ్లోకి, అక్కణ్ణించి నా వీపులోకి వచ్చేది. అప్పుడే తెలిసింది నాకు, అన్నాళ్ళూ నాన్న నా చేతి చప్పుడుని చెవితో కాదు వీపుతో విన్నాడని. చప్పుడు తీరు కొంచెం మారినా తెలిసిపోతుంది. నాన్న కొట్టడం మొదలుపెట్టాక నాకు వెనక ఉన్న చీకటంటే భయం పోయింది. అక్కడ ఆయన ఉన్నాడు. మధ్యలో చెప్పకుండా ఆపేవాడు, నేను ఎంతలో బ్రేకు వేస్తానో చూడటానికి.

తర్వాత బండ్లు మారాయి. బారామతిలో తయారైన పియాజియో ఏపే డీజిల్ బండ్లొచ్చాయి, అర టన్ను సునాయాసంగా లాగేవి. ఎక్కువ బరువు, తక్కువ ఖర్చు. కానీ వాటి వెనకా అదే రేకు, అదే చీకటి. టోకు వ్యాపారం చాలా మటుకు గొల్లపూడికి మారింది. అక్కడ రోడ్లు వెడల్పు, లారీ కూడా తిరుగుతుంది. 2005లో టాటా ఏస్ వచ్చాక సరుకు రవాణా చాలావరకు నాలుగు చక్రాల వైపు తిరిగింది. నాన్న అప్పటికి ఇంక బరువు పనులు చాలనుకుని బండి అమ్మేశాడు. కొన్నవాడికి తాళంతో పాటు మూడో పలక కూడా ఇచ్చి, ఎక్కడ వెయ్యాలో కాలవ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు.

రివర్స్ హారన్లు కూడా వచ్చాయి. లీవరు వెయ్యగానే సంగీతం. నాకది మొదట్నుంచీ నచ్చలేదు. ఆ పాట బయటివాళ్ళని తప్పుకోమంటుంది, లోపలున్నవాడికి ఏమీ చెప్పదు. తప్పుకోలేని పసిపిల్లకి పాట వినపడితే ఏం చేస్తుంది, ఇంకాస్త దగ్గరికొస్తుంది. 2019 జులై నుంచి కొత్త కార్లకి వెనక సెన్సర్లు తప్పనిసరి చేశారు. అది మంచి పనే, అడ్డమొస్తే కూతపెడుతుంది. అయితే ఏ అడ్డమూ లేకపోతే అది నిశ్శబ్దంగా ఉంటుంది, అది చెడిపోయినా నిశ్శబ్దంగానే ఉండొచ్చు. మా నాన్న పద్ధతిలో నిశ్శబ్దానికి ఒకటే అర్థం. సెన్సరున్న కారు నడిపేటప్పుడు కూడా నేను ఆ నిశ్శబ్దాన్ని నమ్మను. దిగి చూస్తాను. వెనక హారన్లు కొడతారు, కొట్టనీ.

ఇప్పుడు మేముండేది హైదరాబాదులో. మా అపార్టుమెంటుకి నీళ్ళ క్యాన్లు తెచ్చే కుర్రాడిది కరెంటు ట్రాలీ. దానికి లీవరు లేదు. ఒక బొత్తాం తిప్పితే మోటారే వెనక్కి తిరుగుతుంది. నాన్నకి ఫోన్లో చెబితే ఆయన మొదట అడిగింది "బ్యాటరీ ఎక్కడ పెట్టారు? వాలులో ముందు చక్రం తేలట్లేదా?" అని. కింద సెల్లారుకి దిగే వాలు చూసి నాకూ అదే అనుమానం వచ్చింది. ఆ కుర్రాడు క్యాన్లు డబ్బాలో ముందుకి, డ్రైవరు సీటు వైపు పేర్చుకుంటాడు. అది వాడికెవరు చెప్పారో గానీ సరైన పని.

ఈ బండితో ఒక మేలుంది. మోత లేదు. వెనక నిలబడి మామూలుగా మాట్లాడినా డ్రైవరుకి వినపడుతుంది. అయినా వాచ్‌మన్ ఫోను చూసుకుంటూ, రెండు నిమిషాలకోసారి "రానీ రానీ" అంటూ ఉండేవాడు. ఆ రెండు రానీల మధ్య పార్కింగులో పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు. ఒక శనివారం నేనే కిందికి వెళ్ళి ఎడం మూల దగ్గర నిలబడ్డాను. కుర్రాడికి పద్ధతి చెప్పాను. నేను అంటూ ఉంటే రా, నేను మానేస్తే ఆగు. గోడ వైపు, లిఫ్టు వైపు అని పేర్లు కూడా పెట్టాను. స్తంభం ఇంకా మూర దూరంలో ఉండగా కావాలనే ఊరుకున్నాను. బండి ఆగింది.

"ఏంటాంటీ, ఏమైంది?" అన్నాడు తల బయటపెట్టి.

ఏమీ కాలేదురా అన్నాను. ఇప్పుడు వాచ్‌మన్ చేత కూడా చెప్పిస్తున్నాను. ఫోను జేబులో పెట్టుకుని, ఎడం మూల దగ్గర నిలబడి, బెత్తెడు దాకా ఆపకుండా చెప్పాలి. సెల్లారు గేటు దగ్గర కాలవ మీద బండలు రెండే ఉన్నాయి. మధ్యలో మూడోది వేయించమని అసోసియేషన్ వాళ్ళకి చెప్పాను, వచ్చే నెల మరమ్మతుల్లో వేస్తామన్నారు.